పిడికెడు వేస్టు

భిలాయి, సెక్టార్-2
10-7-1994

గున్నప్పకి,

నమస్కారాలు. నువ్వు రైలెక్కి రెండు నెలలైపోయింది, ఉత్తరం ముక్క లేదని తిడుతుంటావు. తిట్టు, నాకు చిన్నప్పటినుంచీ అలవాటే. నేనూ, జ్యోతీ బాగున్నాం. మీ తమ్ముడికి వంట కూడా వచ్చీసింది. ఉప్పు ఒక్కటే ఇంకా చేతికి అందలేదు.

జ్యోతి తల్లి సింహాచలం చనిపోయిన ఈ రెండేళ్ళలో మన ఇంట్లో నవ్వులు వినపడింది నువ్వొచ్చి జ్యోతి పెద్దమనిషి ఫంక్షను చేసినప్పుడే. నువ్వు లేకపోతే నాకేటి తెలుసును, ఎవర్ని పిలవాలో, ఏం పెట్టాలో? నువ్వు తెచ్చిన స్టీలు బేసిను బ్రహ్మాండంగా ఉన్నాది. అన్నట్టు, అది కొనడానికి నన్ను డబ్బులే అడగలేదు, ఎలాగ తెచ్చినావు?

జ్యోతి పదో క్లాసులోకి వచ్చింది, ఈసారి బోర్డు పరీక్ష. డ్రాఫ్ట్స్‌మన్ అవుతాదట. నేను చెప్పిన గుర్తులు పట్టుకుని నేను ఇనుము చెక్కే లేతు మెషిను బొమ్మ గీసింది. చూసి మా ఫోర్‌మెన్ "ఏ కిస్‌నే బనాయా?" అని మూడుసార్లు అడిగినాడు. నా కూతురన్నాను. అప్పుడు నా ఛాతీ చూడాలి నువ్వు.

ఇంకో వింత. కార్ఖానాలో మా షాపులో మెషిన్లు తుడవడానికి నూలుపోగుల చిక్కు ఇస్తారు, వేస్టు అంటాం. డ్యూటీ దిగినప్పుడు అందరమూ పిడికెడు పట్టుకొస్తాం, సైకిలు తుడుచుకోడానికి. ఇదివరకు ఆ చెత్తెందుకని మొహం చిట్లించేది జ్యోతి. ఇప్పుడు నేను గుమ్మంలో అడుగు పెట్టగానే "నాన్నా, వేస్టు తెచ్చావా?" అంటాది. సైకిలు మీద శ్రద్ధ పుట్టింది, పోనీలే.

ఒకటే బెంగ. నెలకి మూడు నాలుగు రోజులు కడుపునొప్పని స్కూలు మానీస్తన్నాది. డాక్టరు కాడికి పోదామంటే గది తలుపేసుకుంటాది. ఏదైనా నాటు మందుంటే రాయి.

నీ తమ్ముడు
నరసింగరావు


పొందూరు
28-7-1994

ఒరే నరసింగూ,

నీ అప్ప దీవెనలు. ఉత్తరం అందింది. రెండు నెలలకి కలం కదిలిందంటే వానలు బాగా పడతాయి.

ఆడపిల్లన్నాక నెలకి నాలుగు రోజులు కడుపునొప్పి ఉంటాది. మన అమ్మకుండేది, నాకుండేది, నీ పెళ్ళానికీ ఉండేది. నీకు తెలీదు, ఎందుకు తెలియాలి? వేడినీళ్ళలో వాము వేసి ఇయ్యి, మరి అడక్కు. తండ్రి అడిగే సంగతి కాదది. ఫంక్షనప్పుడే దాన్ని గదిలో కూకోబెట్టి అన్నీ చెప్పీసినాను. మీ నాన్న కంట పడకూడదు, చెవిన పడకూడదు అని ఒట్టు కూడా వేయించుకున్నాను. బంగారు తల్లి, తలూపింది.

బేసిను సంగతా? సింహాచలం నేత కోకలు పెట్టెలో తొమ్మిదుంటే, పవర్ హౌస్ బజారు కాడ పాత బట్టలకి గిన్నెలిచ్చే ఆమెకి ఇచ్చీసినాను. పోయిన మనిషి కోకలు ఈడొచ్చిన పిల్లకి తగలకూడదు, అది మన ఆచారం. తొమ్మిది కోకలకి అంత బేసిను లాగినాను, ఇంకోర్తికయితే చెంబు చేతిలో పెట్టి పంపీసును. నా పాత కోక ఒకటి మాత్రం చింపి జ్యోతికిచ్చి వచ్చాను.

దానికో మూట పంపుతానని మాటిచ్చినాను. అటొచ్చే ఆడమనిషెవరైనా దొరికితే ఇచ్చి పంపుతాను. పోస్టులో పంపను, నువ్వు విప్పి చూస్తావు. దానికి వేరేగా ఉత్తరం రాద్దామన్నా హిందీ చదువులో వేసీసినావు, తెలుగు అక్షరం రాదు. దానికి రాసిందీ నువ్వే చదివి వినిపించాలి. ఇంక నేనేటి రాస్తాను?

ఇక్కడ మీ బావకి మగ్గం, నాకు పత్తి. వాలుగ చేప దవడ పళ్ళతో దువ్వి దువ్వి చెయ్యి పడిపోతన్నాది. ఒక్క నలుసు మిగిలినా నూలు తెగిపోతాది కదా. పట్నంలో పెద్దపెద్దోళ్ళు కట్టుకునే పంచెలు, నలుసుంటే ఊరుకుంటారేటి.

గున్నమ్మ


భిలాయి
2-10-1994

గున్నప్పకి,

నీ వాము వైద్యం పని చెయ్యలేదు. ఈ నెల అయిదు రోజులు మానీసింది స్కూలు. వాళ్ళ టీచరు కబురు పెట్టింది, ఇలాగైతే హాజరు చాలదని. నేనేటి చెప్పను? కడుపునొప్పన్నాను. ఆవిడ నా మొహం అదోలా చూసి రిజిస్టరు మూసీసింది.

సైకిలు సంగతి చెప్తే నవ్వుతావు. రోజూ వేస్టు తెస్తన్నానా, చెయిను చూస్తే తుప్పు! ఏమైపోతన్నాదీ నూలంతా అని వెతికితే, దాని మంచం కింద ట్రంకుపెట్టె వెనకాల తాడు కట్టి ఆరేసి ఉన్నాది, ఉతికిన వేస్టు. తడి వాసన, నూనె వాసన. ఇదేం పిచ్చే, ఎండలో వేసుకోకూడదా అన్నాను. అంతే, ఏడుపు. అరగంట. ఎందుకో చెప్పదు. "సారీ నాన్నా, సారీ నాన్నా" అంటాది.

ఆ ఏడుపు చూళ్ళేక మర్నాడు రెండు పిడికిళ్ళు తెచ్చినాను. స్టోరులో కొత్తది లేదు. నా లేతు కింద వాడేసింది ఏరి, కిరసనాయిల్లో కడిగి, సోడా వేసి ఉడకబెట్టి, మల్లెపువ్వులా చేసి ఇచ్చినాను. దాని మొహం వెలిగిపోయిందప్పా. పిచ్చి గుంట, ఇంత చిన్నదానికి అంత సంతోషం.

పెద్దదవుతున్నాది కాబోలు, నాతో కూకుని టీవీ కూడా చూడదు. మధ్యలో ఆ ఆడపిల్లల అడ్వర్టైజ్‌మెంటు వస్తే లేచి వంటింట్లోకి పోతాది. నేనూ పేపరు మొహానికడ్డం పెట్టుకుంటాను. అయిపోయాక ఇద్దరమూ ఏటీ జరగనట్టు వార్తలు చూస్తాం.

నరసింగరావు


పొందూరు
30-10-1994

నరసింగూ,

నీ ఉత్తరం చదివిన కాడినుంచీ నాకు అన్నం సయించడం లేదు. ఆ వేస్టు ఇంక ఇంటికి తేకు. ఎందుకని అడక్కు, అప్ప చెప్పింది, అంతే. కొత్తదైనా, ఉడకబెట్టిందైనా తేకు.

జ్యోతితో ఈ ముక్కలు ఉన్నవున్నట్టు చెప్పు: "అత్త చెప్పినట్టే చేస్తన్నావా? మూట వస్తాది. అందాకా ఇంట్లో మెత్తటి పాత బట్ట ఏదుంటే అది వాడుకో." అదేటి చెప్తాదో నాకు రాయి. నువ్వు మధ్యలో ప్రశ్నలు వెయ్యకు.

గున్నమ్మ


భిలాయి
18-12-1994

గున్నప్పకి,

నువ్వు రాసింది రాసినట్టే జ్యోతికి చదివి వినిపించినాను. తల వంచుకుని విన్నాది. "అత్త చెప్పినట్టే చేస్తన్నాను, ఒక్క మాట తప్పలేదని రాయి నాన్నా" అన్నాది. ఇంట్లో మెత్తటి పాత బట్ట ఏముందప్పా? నా యూనిఫారాలు, టెరికాట్ చొక్కాలు, దాని నైలాను గౌన్లు. నేత బట్టంటే సింహాచలానివే ఉండేవి.

నువ్వన్నావని వేస్టు మానీసాను. మూడో వారం పిల్ల నా సైకిలు కాడే నిలబడున్నాది, డ్యూటీ నుంచి రాగానే నా సంచి చూసింది. లేదన్నాను. గదిలోకి పోయి తలుపేసుకున్నాది. ఆ నెల ఏడు రోజులు గదిలోంచి రాలేదు. ఇంక నేను ఉండలేకపోయాను, మళ్ళీ తెస్తన్నాను. కోప్పడకు. తల్లి లేని పిల్ల నన్ను అడిగింది అదొక్కటే. గాజులు అడగదు, సినిమా అడగదు.

ఇక్కడ చరోదా రైల్వే కాలనీలో ఉండే శంకరరావు దీపావళికి మన ఊరొచ్చి వెళ్ళినాడు కదా. నీ చింతకాయ పచ్చడి తెచ్చిచ్చాడు, బాగున్నాది. మరి ఆ మూట ఇవ్వలేదేటి? పచ్చడి సీసా చూసి జ్యోతి సంచి బోర్లించి కూడా వెతికింది.

నరసింగరావు


పొందూరు
5-1-1995

నరసింగూ,

మూట మర్చిపోయాను. వయసు మీద పడతన్నాది. పండగ వెళ్ళాక నేనే వస్తాను, నేనే తెస్తాను. అందాకా ఆ పిల్లని ఒక కంట కనిపెట్టు. ఒళ్ళు వెచ్చగా ఉంటే మాత్రం ఊరుకోకు.

గున్నమ్మ


భిలాయి
19-1-1995

అప్పా,

జ్యోతికి నాలుగు రోజులై జ్వరం. డిస్పెన్సరీలో మాత్రలిచ్చారు. తగ్గుతాది, మళ్ళీ వస్తాది. పొత్తికడుపు పట్టుకుని ముడుచుకుని పడుకుంటన్నాది. పెద్దాసుపత్రికి పోదామంటే "లేడీ డాక్టరుంటుందా నాన్నా? నువ్వు బయటుంటావా?" అని అడుగుతాది. అదేం ప్రశ్నో.

దాని ఫ్రెండు ఛాయ రోజూ నోట్సులు తెచ్చిస్తన్నాది. ఇవాళ ఛాయ వెళ్ళిపోతూ గుమ్మం కాడ ఆగి నాకేదో చెప్పబోయింది. లోపల్నుంచి జ్యోతి "ఛాయా!" అని అరిచింది. ఆ పిల్ల వెళ్ళిపోయింది.

రేపు డ్యూటీ మానేసి ఆసుపత్రికి పట్టుకెళ్తాను. నువ్వు బేగి రా. అత్త ఎప్పుడొస్తాదని పదిసార్లు అడిగింది.

నరసింగరావు


పొందూరు
12-3-1995

తమ్ముడూ,

పిల్ల పదో రోజుకి వచ్చినాను. వారం ఉన్నాను నీ ఇంట్లో. నువ్వు పెరట్లో కుర్చీలో, నేను వంటింటి గడప మీద. ఎన్నిసార్లు నోరు తెరిచానో దేవుడికి తెలుసు, నోరు పెగల్లేదు. చెప్తే మానం పోతాది, చెప్పకపోతే ప్రాణం పోతాది అంటారు. నేను మానమే చూసుకున్నానురా. ప్రాణం ఆ గుంటది పోయింది.

ఇప్పుడు రాస్తన్నాను. చదివాక నన్ను అప్పా అని పిలవకపోయినా సరే.

ఆ వేస్టు సైకిలుకి కాదు. జ్యోతి నెలసరికి పెట్టుకునేది. నీ అక్టోబరు ఉత్తరం చదవగానే నాకు తెలిసిపోయింది. తెలిసీ, తేకు అని మాత్రం రాసినాను, ఎందుకో రాయలేదు. తమ్ముడికి ఆ మాట ఎలాగ రాస్తానని సిగ్గు. దాని కోసం మెత్తటి నేతకోకలు తొమ్మిది ఇంట్లో ఉంటే, ఆచారమని నేనే ఇచ్చీసినాను. బేసిను వచ్చిందని నీకు గొప్పలు రాసినాను. సింహాచలం బతికుంటే ఆ కోకలే చింపి కూతురికి ఇచ్చును. తల్లి కోక కూతురికి తగిలితే ఏమవుతాదిరా? ఏమీ అవదు. నేనే పాపిష్టిదాన్ని.

మూట మర్చిపోలేదు. అబద్ధం రాసినాను. శ్రావణంలోనే కట్టి ఉంచినాను, పాత పంచెలు ఉతికి, ఎండలో ఆరేసి, మడతలు పెట్టి. దీపావళికి శంకరరావు మన గుమ్మంలోకొచ్చి "ఏమైనా ఇస్తావా గున్నమ్మత్తా?" అన్నాడు. మూట చేతిలోకి తీసుకున్నాను కూడా. మగవాడు, దారిలో విప్పితే, ఏటిది అని అడిగితే? మూట లోపల పడీసి పచ్చడి సీసా ఇచ్చినాను. చింతకాయ పచ్చడి పంపినానురా, బట్ట పంపలేదు.

యాభై ఏళ్ళ బట్టి ఈ చేతులు పత్తి దువ్వుతన్నాయి. ఎవరో ముక్కూ మొహం తెలియనోళ్ళ భుజం మీదికి ఒక్క నలుసు పోనివ్వలేదు. నా మేనకోడలికి ఇనప మెషిను తుడిచిన చిక్కు. ఇప్పుడు చేప దవడ చూరులో దోపీసినాను. వచ్చిన కాడినుంచీ పని ముట్టలేదు.

ఆ మూట నీ ఇంట్లో, జ్యోతి మంచం కింద ట్రంకుపెట్టె వెనకాల పెట్టి వచ్చినాను. ఆ తాడు ఇంకా అలాగే ఉన్నాది. కాల్చీసినా, పారీసినా నీ ఇష్టం.

గున్నమ్మ


భిలాయి
2-4-1995

గున్నప్పకి,

అప్పా అనే పిలుస్తన్నాను. ఇంకెవరున్నారు నాకు, నీకు మాత్రం ఎవరున్నారు.

నువ్వు రాసింది నాకు ముందే తెలుసు. నువ్వు వారం రోజులు నోరు తెరవలేకపోయినట్టే నేనూ తెరవలేకపోయాను. ఆసుపత్రిలో రెండో రోజు డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచింది. లోపల చీము పట్టి, ఆ విషం రక్తంలోకి ఎక్కిపోయిందంది. పిల్ల ఏం వాడేదని అడిగింది. నేను తెల్లమొహం వేస్తే, నాతో వచ్చిన ఛాయ చెప్పింది, గోడకేసి తిరిగి చెప్పింది. అప్పుడు డాక్టరమ్మ ఒక గాజుముక్క మీద ఉన్నది చూపించింది. ఇనపరజను. ఇరవై రెండేళ్ళ సర్వీసప్పా నాది. నా లేతు మీద తెగిన ఇనుము నాకు తెలీదా? మల్లెపువ్వులా ఉడకబెట్టానని నీకు రాసినాను చూడు, దాంట్లోదే.

పవర్ హౌస్ మార్కెట్లో ఏ మందుల షాపులో అడిగినా ఆ ప్యాకెట్టు ఉంటాది. మన క్వార్టరు నుంచి సైకిలు మీద ఎంతసేపు? టీవీలో రోజూ చూపిస్తనే ఉన్నారు, నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఆఖరి రోజు దానికి కాస్త తెలివి వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "అత్తకి చెప్పకు నాన్నా, నీకు తెలిసిపోయిందని" అన్నాది. ఒట్టు తప్పానని భయం. చావు మీదున్న పిల్లకి ఆ భయమేటప్పా? నేను దాని తల నిమిరి, నాకేమీ తెలీదమ్మా అన్నాను. నా కూతురితో నేను ఆడిన ఆఖరి మాట అబద్ధం.

దాని పరీక్ష అడ్మిట్ కార్డు మొన్న వచ్చింది. ఫొటోలో నవ్వుతన్నాది.

పోయిన సోమవారం నేను డ్యూటీలో చేరాను. షిఫ్టు దిగేటప్పుడు ఎప్పట్లాగే అందరూ తలో పిడికెడు వేస్టు సంచీల్లో కుక్కుకుంటన్నారు. నాకేమైందో తెలీదు, లేతు మీద చెయ్యేసి గట్టిగా చెప్పీసినాను. "ఆగండి. మా జ్యోతి ఎలాగ పోయిందో మీకెవరికీ తెలీదు. జ్వరమని చెప్పాను, జ్వరం కాదు" అని మొదలెట్టి, నెలసరి అన్న మాట కూడా నోటితోనే అన్నాను, తెలుగులో అన్నాను, హిందీలో అన్నాను. ముప్ఫై మంది మగాళ్ళు. ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. మిగతావాళ్ళు బూట్లు చూసుకున్నారు. "ఇంటికెళ్ళి అడగండి, మీరు తీసుకెళ్ళేది ఏమవుతోందో ఒక్కసారి అడగండి" అన్నాను. సంచీలు భుజానేసుకుని వెళ్ళిపోయారు. నాకు మతి చలించిందనుకున్నారు కాబోలు.

మర్నాడు ఫస్టు షిఫ్టులో నేను మెషిను కాడికి వెళ్ళీసరికి ధర్మారావు నిలబడున్నాడు. మన టెక్కలి వాడే, కాంట్రాక్టు ఠేకేదారు కింద కూలి, బస్తీలో ఉంటాడు. ముగ్గురు కూతుళ్ళు. చొక్కాలోంచి వేస్టు తీసి నా లేతు మీద పెట్టినాడు. కొత్తది కాదు. ఉతికి ఉతికి గట్టిపడిపోయింది.

"నిన్న అడిగినానన్నా" అన్నాడు. "మా ఆడది ముందు కొట్టినంత పని చేసింది. తరవాత మా పెద్దది తెచ్చి ఇది చూపించింది. ముగ్గురూ ఇదేనంట. ఆ ప్యాకెట్లు నెలనెలా ముగ్గురికి నేనెక్కడ కొనగలను?" అని నా ఎదురుగా కూలబడిపోయి ఏడ్చాడు. నాకు కొనే తాహతుండి నోరు లేకపోయింది. వాడు పాపం నోరు తెరిచి అడిగినాడు, తాహతు లేదు. ఆ సాయంత్రం నీ మూట ట్రంకుపెట్టె వెనకనుంచి తీసి వాడికిచ్చాను. కాల్చలేదు. అక్కడే విప్పి, ఎలాగ ఉతకాలో, ఎండలోనే ఎందుకు ఆరెయ్యాలో డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. వాడు గుమ్మంలో నిలబడి బడిపిల్లాడిలా విన్నాడు.

శనివారానికి నా లేతు మీద ఇంకో నాలుగు పిడికిళ్ళు వేస్టు చేరింది. ఎవరు పెట్టారో చెప్పలేదు, నేనూ అడగలేదు.

చేప దవడ మళ్ళీ పట్టుకో అప్పా. పని మానకు. మీ వీధిలో పాత పంచెలు, నేతకోకలు ఎన్నుంటే అన్ని అడిగి, ఎందుకో చెప్పి అడిగి, ఉతికి మూట కట్టు. ఆడమనిషి కోసం చూడకు. శంకరరావు వైశాఖంలో ఊరొస్తాడు, వాడి చేతికియ్యి. అందాకా ఆగలేకపోతే పోస్టులోనే పంపు. మూట మీద లోపల ఏమున్నాదో పెద్ద అక్షరాలతో రాయి.

నీ తమ్ముడు
నరసింగరావు